పెంచలకోనలో మావాడి పుట్టెంట్రుకలు

మావాడు పుట్టినప్పుడు బో ఇబ్బంది పడ్డాడు, బాక్సులో పెట్టి ఉంచారు, అప్పుడు మా అత్త మొక్కుకుంది పుట్టెంట్రుకలు మా నెల్లూరు జిల్లా పెంచలకోన నరసింహస్వామి గుళ్లోనే తీయిస్తామని. మొన్న శనివారం ఆ మొక్కు తీరింది, ఆ సంతోషంలోనే ఇది రాస్తున్నా.

పొదలకూరు, రాపూరు మీదుగా పోయాం, దారి గురించి చెప్పేదేం లేదు. దిగి చూస్తే జనమే జనం! శనివారం వద్దంటే మా ఆయన వినలా.

అసలు టెన్షన్ ఏందంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి తీయించాలి కదా, మా తమ్ముడికి ఆరోజే డ్యూటీ పడింది. మా అత్త గొణగతానే ఉంది, పిల్లోడేమో కత్తి చూసి గుక్కపట్టి ఏడుపు. పక్కన అప్పుడే గుండు చేయించుకుని లేస్తా ఉన్న ఒకాయన "నేను కూర్చుంటాలేమ్మా, నాకూ మేనల్లుళ్లు ఉండారు, ఏమనుకోబాకండి" అని వాణ్ణి ఒళ్లోకి తీసుకున్నాడు. "ఏడవబాక అబ్బయా, అయిపోయింది అయిపోయింది" అంటా వాడి చెయ్యి తన గుండు మీద పెట్టించాడు, అది తడుముతా వాడు ఏడుపే మర్చిపోయాడు! పంచె నిండా నీళ్లు, వెంట్రుకలు, ఆయనకేం పట్టలా. బట్టలు పెట్టబోతే వద్దన్నాడు, తాంబూలం మాత్రం తీసుకున్నాడు.

దర్శనం లైన్లో నిలబడ్డంతసేపూ నాకు ఆ ఒడి గురించే ఆలోచన. నరసింహస్వామి అంటే గోళ్లు, కోరలే గుర్తొస్తాయి మనకి. కానీ నేల మీదా ఆకాశంలోనూ చావు లేకుండా వరం తెచ్చుకున్న హిరణ్యకశిపుణ్ణి చీల్చింది ఒళ్లో పెట్టుకునే, తర్వాత ప్రహ్లాదుణ్ణి కూర్చోబెట్టుకుని లాలించిందీ ఆ ఒళ్లోనే. అంత ఉగ్రం కూడా ఈ వెలిగొండ అడవుల్లో చెంచులక్ష్మిని చూశాకే చల్లబడింది, రెండు బండలు పెనవేసుకున్నట్టు ఇక్కడే నిలిచిపోయాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడని పెద్ద భార్య ఆదిలక్ష్మి అమ్మవారు అలిగి ఏటి అవతల కూర్చోవడం కూడా నాకు భలే ఇష్టం, దేవుడింట్లో కూడా తప్పలేదు!

ఇట్లా ఆలోచిస్తుంటే వెనక నుంచి ఒకటే తోపులాట, చంకలో పిల్లోడున్నాడని కూడా చూడరు, కాళ్లు తొక్కేశారు. లోపలికి పోతే "కదలండి కదలండి". హారతి వెలుగులో స్వామి కనిపించింది ఒక్క క్షణం. చెప్పుకోవాలనుకున్నవి ఏవీ గుర్తు రాలా, పిల్లోణ్ణి పైకెత్తి ఆ గుండు చూపించా, అంతే.

అమ్మవారిని కూడా చూసుకుని బయల్దేరాం. చెవులు కుట్టేదానికీ మేనమామ ఒళ్లే కావాలి, ఇప్పుడే లీవ్ అడిగి పెట్టుకోమని తమ్ముడికి ఫోన్లో గట్టిగా చెప్పా. తన బదులు ఇంకొకాయన కూర్చున్నాడంటే వాడికి కొంచెం కోపమే వచ్చింది.