ఓపెన్‌ఎంఆర్ఎస్‌కి కోడ్ రాయాలనుకుంటే

ఓపెన్ సోర్స్‌లో ఏదైనా చేయాలని ఉందా? ఓపెన్‌ఎంఆర్ఎస్ చూడండి. 2004లో మొదలైన పేషెంట్ రికార్డుల సాఫ్ట్‌వేర్ ఇది, తొలిరోజుల్లో కెన్యాలో హెచ్ఐవీ చికిత్స కోసం వాడారు, మన దేశంలో దీని మీదే కట్టిన బహ్మ్ని అనే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఛత్తీస్‌గఢ్‌లోని గనియారి ఆసుపత్రిలో మొదలైంది. సర్వర్ అంతా జావా, కొత్త స్క్రీన్లు రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ.

జావా వచ్చు కదా అని నేరుగా కోడ్‌లోకి దూకొద్దు, ముందు కాన్సెప్ట్ డిక్షనరీ, అంటే రికార్డు చేసే అంశాలన్నిటి జాబితా, అర్థం చేసుకోండి. బీపీ, బరువు, మలేరియా పరీక్ష, ఏదైనా అందులో ఒక ఎంట్రీయే, కాబట్టి ఫారంలో కొత్త ప్రశ్న పెట్టాలన్నా డేటాబేస్‌లో కొత్త కాలమ్ అక్కర్లేదు. మొదట్లో తల తిరుగుతుంది లెండి! ఇంకోటి, రికార్డును మామూలుగా డిలీట్ చేయరు, ఎవరు, ఎందుకు తీసేశారో రాసి పక్కన పెడతారు. డాక్టర్ నిన్న ఏం చూసి మందు రాశారో రేపు తెలియాలి కదా.

కొత్తవాళ్లకని విడిగా గుర్తుపెట్టిన చిన్న టికెట్లు (చేయాల్సిన పనులు) ఉంటాయి, వాటితో మొదలుపెట్టండి. టెస్టింగ్‌కి మాత్రం డెమో డేటానే వాడండి, తెలిసిన డాక్టరు గారిచ్చారని అసలు పేషెంట్ల వివరాలు పొరపాటున కూడా ఎక్కించకండి.