అర బ్యాండు

డ్యూటీ దిగేసరికి ఎనిమిదింపావు అయింది. మే నెలలో కడప ఎండకు ఎనిమిదైనా పన్నెండైనా పెద్ద తేడా ఉండదు. ఏడురోడ్ల కూడలి దగ్గర ఆటో దిగి, ఇంటికి పోయి తినే ఓపిక లేక ఒక కారం దోసె చెప్పాను. ఎర్ర కారం పూసి, పైన పప్పుల పొడి చల్లి ఇచ్చాడు. రాత్రంతా మేలుకున్న మనిషికి అంతకన్నా మంచి మందు లేదు. తింటూనే బ్యాగులోంచి, ఇంగ్లీషు పరీక్ష కోసం మొన్న రాసిన వ్యాసం తీశాను. కోచింగ్ సారు ఇరవై మూడు చోట్ల ఎర్ర సున్నాలు చుట్టారు. అందులో పదిహేడు 'ఏ', 'యాన్', 'ది' అనే మూడు ముక్కల గురించే.

ఉండాల్సిన చోట లేవు, అక్కర్లేని చోట ఉన్నాయి. మనకు ఈ ముక్కలతో ఎప్పుడూ పని పడలేదు. 'డాక్టరు వచ్చాడు' అంటే ఏ డాక్టరో వినేవాళ్ళకు తెలుస్తుంది, తెలియకపోతే అడుగుతారు. ఇంగ్లీషువాళ్ళకు అడిగే ఓపిక లేనట్టుంది, ముందే చెప్పేయమంటారు.

విదేశాలకు పోవాలనుకునేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అది మొదటిసారి రాసినప్పుడు నాకు లిజనింగ్‌లో 8, రీడింగ్‌లో 7, స్పీకింగ్‌లో 7 వచ్చాయి. రైటింగ్‌లో 6. మొత్తం మీద 7. ఇంకెవరికైనా అయితే మిఠాయిలు పంచే మార్కులే. కానీ బ్రిటన్‌లో నర్సుగా నమోదు చేసుకోవాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ మిగతా మూడింట్లో 7, రైటింగ్‌లో 6.5 ఉండాలంటుంది. ఈ పరీక్షలో మార్కును బ్యాండు అంటారు, నాకు అర బ్యాండు తక్కువైంది. 17 వేలకు పైగా ఫీజు, వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదుకు రానూ పోనూ ప్రయాణం, రెండు రోజుల సెలవు, అన్నీ ఆ అర దగ్గర ఆగిపోయాయి. నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. సంగతి విని కాసేపు ఆలోచించి, "లెక్కలో తేడా వస్తే మేమూ చేతి నుంచే కట్టేవాళ్ళంలే" అన్నాడు. నన్ను ఓదార్చాడో, మళ్ళీ ఫీజు కట్టమన్నాడో ఇప్పటికీ అర్థం కాలేదు. కట్టాను.

లిజనింగ్‌లో 8 ఎలా వచ్చిందని తోటి నర్సులు అడుగుతారు. అందులో నా గొప్ప ఏమీ లేదు. అరగంట పాటు వినిపిస్తారు, నలభై ప్రశ్నలు, ఏదైనా ఒక్కసారే వినిపిస్తారు. రాత్రి రెండు గంటలకు డాక్టరుగారు నిద్రమత్తులో ఫోనులో చెప్పే డోసు కూడా ఒక్కసారే. అది తప్పుగా వింటే పోయేది మార్కు కాదు. తొమ్మిదేళ్ళుగా రోజూ రాస్తున్న పరీక్షే అది.

రాతలో దెబ్బతినడానికి కారణం కూడా ఆసుపత్రేనని ఈ మధ్యే తెలిసింది. కేసు షీటులో మేము రాసేది ఇంగ్లీషే, కాకపోతే ఎముకలు మాత్రమే ఉన్న ఇంగ్లీషు. స్పృహలో ఉన్నాడు, బీపీ ఇంత, జ్వరం లేదు, సెలైన్ నడుస్తోంది, డాక్టరుకు చెప్పాం. కర్త ఉండదు, క్రియ సగమే ఉంటుంది, 'ది' ఊసే ఉండదు. అలా వేల పేజీలు రాసిన చేయి ఇప్పుడు ఒక్కసారిగా నిండు వాక్యం రాయమంటే మొరాయిస్తోంది. రైటింగ్ మొదటి ప్రశ్నలో గ్రాఫు ఇచ్చి నూట యాభై మాటల్లో వర్ణించమంటారు. గ్రాఫులు నాకు కొత్తా? మంచం చివర వేలాడే జ్వరం చార్టు చూడకుండా ఒక్క షిఫ్టూ గడవదు. కాకపోతే అక్కడ గీత పైకి పోతే పారాసిటమాల్ ఇస్తాం, ఇక్కడ క్రియా విశేషణం ఇవ్వాలి. మెల్లగా పెరిగిందా, ఒక్కసారిగా పెరిగిందా, పెరిగి నిలకడగా ఉందా అని.

తొమ్మిదిన్నరకు పడుకుని రెండింటికి లేచాను. కరెంటు పోయి ఫ్యాను ఆగడంతో లేచాననడం సరైన మాట. మా అన్న కూతురు అప్పటికే ఫోనులో టైమరు పెట్టుకుని తయారుగా కూర్చుంది. ఏడో తరగతికి వచ్చింది, సెలవులు. నాకు స్పీకింగ్ పరీక్ష పెట్టడం ఈ వేసవిలో దానికి దొరికిన పెద్ద ఆట. చీటీ ఇచ్చి ఒక నిమిషం ఆలోచించుకోనిస్తుంది, తర్వాత రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. అసలు పరీక్షలో ఉండేవాళ్ళు కాస్త నవ్వుతారు, ఇది నవ్వదు.

ఈ రోజు చీటీలో 'మీ ఊళ్ళో మీకు నచ్చిన భవనం' అని ఉంది. ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయం ఎంచుకున్నాను. సి.పి. బ్రౌన్ మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1820లో పరీక్ష గట్టెక్కి, ఆ ఏడాదే కడపకు ఉద్యోగానికి వచ్చాడు. ఇక్కడ బంగళా కొనుక్కుని, సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు నకళ్ళు రాయించాడు. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు, తెలుగు ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఆ బంగళా ఉన్న చోటే ఈ గ్రంథాలయం. ఇవన్నీ నాకు కంఠస్థం, తెలుగులో అయితే పావుగంట చెబుతాను. ఇంగ్లీషులో నలభై సెకన్లకు అయిపోయాయి.

"అత్తా, ఇంకా నిమిషం ఇరవై ఉంది."

"చెప్పాల్సింది అయిపోయిందే."

"ఆయన గురించి చెప్పావు, అది నీకు ఎందుకు నచ్చిందో చెప్పలేదు కదా."

అది నిజం. నచ్చడానికి కారణం అక్కడ చల్లగా, నిశ్శబ్దంగా ఉండటమే. చదువుకునే రోజుల్లో అక్కడ టేబులు మీద తల పెట్టి నిద్రపోయేదాన్ని. అది చెప్పవచ్చని నాకు తోచనే లేదు. బ్రౌన్‌కు కూడా తెలుగులో ఇలాగే నోరు పెగలని రోజులు ఉండే ఉంటాయని సరిపెట్టుకున్నాను. ఆయనకు ఎదురుగా టైమరు పట్టుకున్న కోడలు మాత్రం ఉండి ఉండదు.

సాయంత్రం రైటింగ్‌లోని రెండో ప్రశ్న పట్టుకున్నాను. ఇదే అసలు గండం. గ్రాఫుకు ఉన్న విలువకు రెట్టింపు దీనికి. నలభై నిమిషాల్లో రెండు వందల యాభై మాటలు రాయాలి. 'బతుకుతెరువు కోసం యువత విదేశాలకు వెళ్ళడం వల్ల లాభాలు ఎక్కువా, నష్టాలు ఎక్కువా? మీ అభిప్రాయం రాయండి' అని ప్రశ్న. వెళ్ళడానికే చదువుతున్నదాన్ని, పేజీలు నింపాలి కదా. నూట నలభై మాటల దగ్గర కలం ఆగింది. ఇంటి దగ్గర నా అభిప్రాయం ఎవరు అడిగారు? బీఎస్సీ నర్సింగ్‌లో చేర్చినప్పుడు అడగలేదు. ఆసుపత్రిలో అడగకపోవడమే కాదు, రాయకూడదు కూడా. చూసింది రాయి, అనుకున్నది రాయకు అని చేరిన మొదటి వారమే ఇన్‌ఛార్జి అక్క నేర్పింది. మంచి పాఠమే, ఇప్పటికీ దాన్ని తప్పుపట్టను. కాకపోతే ఆ పాఠం నూటికి నూరుపాళ్ళు వంటబట్టింది.

ఇప్పుడు తెల్లవారుజాము మూడున్నర. నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇందాక జరిగింది రాసిపెట్టుకోకపోతే పొద్దున్నకు మరిచిపోతాను.

రెండు దాటాక ఆరో మంచం పెద్దాయన భార్య వచ్చి నిలబడింది. రాయచోటి వైపు వాళ్ళు. ఆయనకు ఊపిరితిత్తుల్లో నెమ్ము, మూడు రోజులుగా మెల్లగా తేరుకుంటున్నాడు. కూతురు కువైట్‌లో ఒక ఇంట్లో పనికి ఉంది. బయలుదేరి రమ్మని చెప్పాలా వద్దా అని ఆమె గుంజాటన.

"డాక్టరుగారు రౌండ్స్‌కు వచ్చినప్పుడు అడగండమ్మా" అన్నాను, అలవాటుగా.

"డాక్టరును రోగం గురించి అడుగుతాలే. నీకు ఏమనిపిస్తోందో చెప్పు తల్లీ."

టేబులు మీద సగం రాసిన వ్యాసం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో ధైర్యం, చెప్పేశాను. ఇప్పుడే రమ్మనవద్దని నా అభిప్రాయం, రెండు కారణాలు అన్నాను. ఒకటి, ఆయన రోజురోజుకూ తేరుకుంటున్నాడు, జ్వరం నిన్నటి నుంచి లేదు. రెండు, పని మధ్యలో వదిలి వస్తే ఆ ఇంటివాళ్ళతో, అక్కడ ఉండనిచ్చే అనుమతి కాగితం అకామాతో పేచీ రావచ్చు, టికెట్టు ఖర్చు సరేసరి. ఉదాహరణకు, పొద్దున్నే ఫోనులో వీడియోలో ఆయన్ను చూపిస్తే అమ్మాయి మనసు కుదుటపడుతుంది. అచ్చం సారు చెప్పిన వరసే, ఉదాహరణతో సహా. తెలుగులో కాబట్టి 'ది' బెడద లేదు.

ఆమె అంతా విని తల ఊపింది. వెళ్ళబోతూ టేబులు మీది పుస్తకం వైపు చూసింది. అట్ట మీద లండన్ గడియారం బొమ్మ.

"నువ్వూ పోతున్నావా అమ్మా?"

"పరీక్ష గట్టెక్కితే."

"మీ నాయనకు ఇట్లా అయితే నువ్వు వస్తావా, రావా?"

పరీక్షలో అయితే ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, ఒక కాగితం, పెన్సిలు ఇస్తారు. ఆమె కదలకుండా చూస్తోంది. ఇంతలో రెండో మంచం దగ్గర సెలైన్ అయిపోవచ్చింది. మార్చడానికి లేచాను. మార్చి వచ్చేసరికి ఆమె పోయి ఆయన మంచం పక్కన చాప మీద పడుకుని ఉంది, కళ్ళు తెరిచే.