అమ్మ ల్యాండ్‌లైన్

ఆదివారం, రాజమండ్రి.

అమ్మ ఫోన్ మోగించడానికి ఇవాళంతా పట్టింది.

నిన్న సాయంత్రం లైన్‌మన్ కుర్రాడొచ్చి రాగి తీగ పీకేసి ఫైబర్ వేశాడు. 0883 పాత నంబరే ఉంచారు. అమ్మ పెట్టిన షరతు అదొక్కటే. "ఆ నంబరు మీ పిన్నికి కంఠతా వచ్చు, మార్చావో ఊరుకోను" అంది. మాట స్పష్టంగా రావాలంటే పెద్ద ప్లాన్ తీసుకోమన్నాడు కుర్రాడు. ఒక కాల్‌కి సెకనుకి 100 కిలోబిట్లు ఉంటే చాలు, చిన్నదే చాలన్నాను. గోడకి తెల్ల పెట్టె బిగించి, "ఫోన్ మీరు తగిలించేసుకోండి సార్" అని వెళ్లిపోయాడు.

పెట్టె వెనక వరసగా రంధ్రాలు. ఫోన్ వైరు చివరుండే బుల్లి పిన్ను ఇంటర్నెట్ రంధ్రంలో కూడా దూరుతుంది, కాకపోతే కాస్త వదులుగా. నేను సరిగ్గా అందులోనే దూర్చాను. రిసీవర్ ఎత్తితే చడీ చప్పుడూ లేదు. పెట్టె ఆపి, వేసి, మళ్లీ ఆపి అరగంట కుస్తీ పట్టాక అమ్మ కళ్లజోడు పెట్టుకుని వచ్చింది. "ఇదిగో, దీని మీద ఫోన్ బొమ్మ ఉందేంట్రా?" అంది. ఆ రంధ్రం మిగతావాటికంటే ఇరుకు. పెట్టగానే టక్‌మంది, రిసీవర్‌లో డయల్ టోన్ గుయ్‌మంది. (డాలస్‌లో మా బావగారి రౌటర్‌కి ఈ బొమ్మ రంధ్రం లేదు. ఏటీఏ అని అరచేతిలో పట్టే అడాప్టర్ విడిగా కొనుక్కున్నాడు.)

టోన్ వచ్చింది గానీ నంబరు పోదే! ఒక్కో అంకె నొక్కితే లోపల టకటకమంటోంది, టోన్ మాత్రం ఆగట్లేదు. ఫోన్ బోర్లా తిప్పితే అడుగున గోరుతో జరిపే చిన్న మీట, పక్కన పీ, టీ అని అక్షరాలు. పీ అంటే పల్స్, డయల్ తిప్పే ఫోన్ల కాలం నాటి పద్ధతి. ఈ పెట్టెకి ఆ భాష రాదు. టీ వైపు జరిపి నా సెల్లుకి కొట్టాను. అయినా వెళ్లలేదు. "సెల్లుకైతే ముందు సున్నా కొట్టాల్రా, 2021 కనుమ నాటి నుంచీ అంతేగా" అంది అమ్మ వంటింట్లోంచి. సెల్లులు వాడేవాళ్లకి ఇవన్నీ ఎక్కడ గుర్తుంటాయి!

మూడింటికి కరెంటు పోయింది, దాంతోపాటు ఫోనూ పోయింది. "కరెంటు పోతే ఫోన్ పోవడమేంట్రా? చోద్యం కాకపోతే!" ఆవిడ అడిగిందీ నిజమే. పాత లైనుకి ఎక్స్ఛేంజి నుంచి ఆ రాగి తీగల్లోనే 48 వోల్టులు వచ్చేవి, వీధంతా చీకటైనా ఫోన్ మోగేది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు ఒక్కటే. పెట్టెకి కరెంటు మనమే పెట్టుకోవాలి.

మినీ యూపీఎస్ కొందామని బజారుకెళ్తే షాపతను "మీ పెట్టెకి ఎన్ని వోల్టులండీ?" అన్నాడు. చూసుకోలేదు. అమ్మనడుగుదామని ఇంటికి ఫోన్ చేశాను, ఏ ఫోన్‌కో రాయనక్కర్లేదు. ఎండలో వెనక్కొచ్చి అడాప్టర్ తిప్పి చూస్తే 12 వోల్టులు, 1 ఆంపియర్. మళ్లీ వెళ్లి తెచ్చాను. తగిలించాక మెయిన్ ఆపి చూశాను, పెట్టె మీద పచ్చ లైటు ఆరలేదు.

ఏడింటికి పిన్ని చేసింది. ఒక్క రింగుకే అమ్మ ఎత్తేసింది.

"ఆఁ, అదే ఫోనే. పొద్దుట్నించీ వీడు దాని వెనకాల కూర్చుని ఏదో చేస్తున్నాడు. నువ్వు చెప్పు, మోకాలెలా ఉంది?"