టోక్యోలో షిమేసబా తిన్న రాత్రి

టోక్యోలో పచ్చి చేప తిని, దానిలోని పురుగు కడుపులో చేరి ఆసుపత్రి పాలయ్యాను. తిన్నది తాజా చేపే. విన్నవాళ్లందరూ మొదట అడిగేది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. కౌంటర్ ముందు కూర్చోబెట్టి, కళ్లెదుటే కోసి, అన్నం ముద్ద మీద పెట్టి ఇచ్చారు. దాన్ని షిమేసబా అంటారు. సబా చేపకి ఉప్పు పట్టించి, కడిగి, వెనిగర్‌లో ఊరబెడతారు. మన కానాగంతకి చుట్టమే. మనం చింతపండు పులుసులో కుతకుతా ఉడికిస్తాం, అక్కడ దానికి నిప్పు సెగే తగలదు.

అర్ధరాత్రి దాటాక నొప్పి పట్టుకుంది. రొమ్ము ఎముకకి దిగువన, బొడ్డుకి పైన, లోపల్నుంచి ఎవరో మెలిపెడుతున్నట్టు. కాసేపు ఊపిరి తీసుకోనివ్వదు, కాసేపు వదులుతుంది, తేరుకునేలోపు మళ్లీ వస్తుంది. వాంతి అంటే ఉత్త నీళ్లే. విరేచనాలు లేవు, జ్వరం లేదు. గ్యాస్ మాత్ర, నొప్పి బిళ్ల రెండూ దండగయ్యాయి. గుండెపోటేమో, దేశం కాని దేశంలో ఇలా పోతానేమో అనిపించి ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే మా బావగారు, "పచ్చి చేపలు తింటే పట్టదూ మరి! కాస్త మజ్జిగ తాగి పడుకో" అన్నారు. టోక్యోలో ఆ వేళప్పుడు మజ్జిగ ఎవరు చిలుకుతారు బావగారూ?

అంతకంటే మండింది ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు మాటకి. పొట్ట నొక్కి చూసి, "విదేశీయులకి మా తిండి కొత్త కదా" అని నవ్వి, ఎసిడిటీ మాత్రలిచ్చి పంపేశాడు. ఏం తిన్నానో అడగనే లేదు. అడిగింది హోటల్లో రాత్రి డ్యూటీ చేసే అమ్మాయి: "సబా తిన్నారా?" అని. అవుననగానే "అనిసాకిసు" (ఆ పురుగు పేరు అదే) అంటూ కాగితం తీసుకుని, ఏం తిన్నానో, ఎన్నింటికి తిన్నానో, నొప్పి ఎప్పుడు మొదలైందో జపనీస్‌లో రాసిచ్చింది. పొద్దున్నే ఆ కాగితం పట్టుకుని ఇంకో ఆసుపత్రికి వెళితే, అక్కడి పెద్ద డాక్టరు చదివి "ఇ-కామెరా" అన్నారు. అంటే ఎండోస్కోపీ.

గొంతు మొద్దుబారే మందు, గొట్టం, అదంతా ఎలాగో గడిచిపోతుంది. తెర మీద కనిపించినదే మరపు రావడం లేదు. రెండు మూడు సెంటీమీటర్ల తెల్లటి దారప్పోగు, తల కడుపు గోడలోకి దూర్చి, మిగతా ఒళ్లంతా మెలికలు తిప్పుతోంది. చుట్టూ ఎర్రగా వాచిపోయి ఉంది. సన్నటి పట్టకారుతో తలకి వీలైనంత దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా లాగారు. గబుక్కున లాగితే తెగి, తల లోపలే ఉండిపోవచ్చు. ఇంకోటి కూడా ఉండొచ్చని కడుపంతా వెతికారు. కాసేపటికే నొప్పి జారిపోయింది. నేను దండం పెడితే ఆ పెద్దాయన కూడా వంగి దండం పెట్టారు.

"చేప తాజాదైతే భయం లేదు" అనేది సగం నిజమే. ఈ అనిసాకిస్ పిల్లపురుగులు బతికున్న చేపలో ఎక్కువగా పేగుల చుట్టూ ఉంటాయి, చేప చచ్చాక కండలోకి పాకుతాయి. అందుకే పట్టిన వెంటనే పొట్ట తీసేస్తే ముప్పు తగ్గుతుంది, పోదు. జపాన్‌కి పసిఫిక్ వైపు దొరికే సబాలోని రకం కండలోకి ఎక్కువగా దూరుతుంది. జపాన్ సముద్రం వైపు రకం చాలావరకు పేగుల్లోనే ఉండిపోతుంది. ఉప్పు, వెనిగర్, సోయా సాస్, సుషితో ఇచ్చే ఘాటైన పచ్చ ముద్ద వసాబి, ఇవేవీ ఈ పురుగుల్ని చంపవు. కడుపులో యాసిడ్‌నే తట్టుకునే పురుగుకి వెనిగర్ ఓ లెక్కా? చంపేవి రెండే. మైనస్ 20 డిగ్రీల్లో 24 గంటలకి తగ్గకుండా గడ్డకట్టించాలి, లేదా 60 డిగ్రీల వేడి ముక్క నడిమికి ఒక నిమిషం తగలాలి.

కాబట్టి సుషి కొట్టులో సబా, అజి (హార్స్ మాకెరెల్), ఇవాషి (సార్డిన్), కత్సువొ (స్కిప్‌జాక్ ట్యూనా), ఇకా (స్క్విడ్), ఇవి తినే ముందు "ఇచిదో రేతో షితా సబా దెసు కా" అని అడగండి. ఒకసారి ఫ్రీజ్ చేసిన సబాయేనా అని అర్థం. వేరే చేపయితే సబా బదులు దాని పేరు పెట్టండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు. భయమేసిందా, గుడ్డు అట్టు పెట్టిన తమాగో, ఉడికించిన అనాగో (పాములాంటి సముద్రపు చేప), కీరా దోసకాయ పెట్టిన కప్పమాకి తినండి, హాయిగా ఉంటుంది.

తిన్న కొన్ని గంటల్లోనే పొట్ట పైభాగంలో తెరలు తెరలుగా నొప్పి వస్తే, డాక్టరు అడగకపోయినా తిన్న చేప పేరు, తిన్న వేళ మీరే చెప్పండి. కడుపు దాటి పేగుల్లోకి వెళితే నొప్పి మర్నాడో, ఇంకా ఆలస్యంగానో రావచ్చు, అపెండిసైటిస్ అని పొరబడతారు కూడా. మనిషి ఒంట్లో ఈ పురుగు పెరగలేదు, మామూలుగా ఓ వారంలో, ఒక్కోసారి ఇంకాస్త ఆలస్యంగా, దానంతటదే చస్తుంది. కానీ ఆ నొప్పితో వారం కూర్చోమనడం దుర్మార్గం. మన నులిపురుగుల మాత్ర దీనికి నమ్మదగ్గ మందు కాదు. ఏ ఆసుపత్రికి వెళ్లాలో తెలియకపోతే టోక్యోలో హ్యాష్ 7119కి ఫోన్ చేయొచ్చు. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఊపిరి ఆడకపోయినా ఆలోచించకుండా 119. అంబులెన్స్‌కి డబ్బు తీసుకోరు, ఆసుపత్రి బిల్లు మాత్రం పర్యాటకులు మొత్తం కట్టాలి. అందుకని బీమా కోసం రసీదులతో పాటు "షిందన్‌షో", అంటే డాక్టరు రాసిచ్చే ధ్రువపత్రం, అడిగి తీసుకోండి.

దద్దుర్లు వచ్చినవాళ్లు ఇంటికి చేరాక అలర్జీ డాక్టరుని కలిసి అనిసాకిస్ ఐజీఈ రక్తపరీక్ష (ఈ పురుగంటే ఒంటికి అలర్జీ ఉందో లేదో చూసేది) గురించి అడగాలి. పురుగు చచ్చినా దానిలో అలర్జీ తెప్పించే కొన్ని ప్రొటీన్లు ఉడికినా, గడ్డకట్టినా చెడవు. అలాంటివాళ్లు ఆ ఫలితం వచ్చేదాకా సముద్రపు చేపల పులుసు కూడా ముట్టకపోవడమే మేలు.