పెద్దది చేసి చూస్తే

‘లేక్ మంగో’ 2008లో వచ్చిన ఆస్ట్రేలియా సినిమా. పేరున్న నటులు లేరు. తీసిన జోయెల్ ఆండర్సన్‌కి అదే మొదటి సినిమా. హారర్ అని ముద్ర పడింది కాబట్టి దెయ్యాల సినిమాలంటే పడనివాళ్లు దాని జోలికి పోరు. నిజానికి చూడాల్సింది వాళ్లే.

ఆరరట్ అనే ఊళ్లో 16 ఏళ్ల ఆలిస్ ఇంట్లోవాళ్లతో డ్యామ్‌లో ఈతకు వెళ్లి మునిగిపోతుంది. శవాన్ని తండ్రి గుర్తుపడతాడు. తల్లి జూన్ చూడలేకపోతుంది. కొన్నాళ్లకు కొడుకు మాథ్యూ పెరట్లో తీసిన ఫోటోల్లో ఆలిస్ లాంటి రూపం కనబడుతుంది. అంతా టీవీ డాక్యుమెంటరీలా నడుస్తుంది. నటులకు డైలాగులు రాసివ్వలేదట, అందుకే ఆ తడబాట్లు మన ఇళ్లలో మాటల్లాగే ఉంటాయి.

మిర్యాలగూడలో మాది ఫోటో స్టూడియో. దశదినకర్మ ఫోటోలకు వచ్చేవాళ్లు చాలామంది. సాగర్ ఎడమ కాలువలో ఈతకు దిగి పిల్లలు పోవడం ఇక్కడ కొత్త కాదు. హాలియా వైపు నుంచి ఒకామె వచ్చింది. బడిలో తీసిన గ్రూప్ ఫోటో తప్ప కొడుకుది వేరేది లేదు. వెనక వరసలో ఉన్న పిల్లవాణ్ణి స్క్రీన్ మీద పెద్దది చేస్తుంటే ఆమె నా చెయ్యి పట్టుకొని ఆపింది. “అన్నా, గీ చేతికి కట్టేంది? నాకు చెప్పలేదే!” ముఖం సంగతి మర్చిపోయి ఆ కట్టునే చూస్తూ నిలబడింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

సినిమాలో జూన్‌దీ అదే పరిస్థితి. కూతురి రూపం కోసం ఇంట్లో తీసిన వీడియోను పట్టి పట్టి చూస్తుంటే, చీకట్లో ఆలిస్ గదిలో పక్కింటాయన కనబడతాడు. ఏదో వెతుకుతున్నాడు. ఆ వెతికేది ఏంటో నేను రాయను. ఆ పిల్ల ఎంత బరువు ఒంటరిగా మోసిందో అక్కడ తెలుస్తుంది.

భయపెట్టే సీన్ ఒకటి ఉంది, ఎప్పుడో ఎండిపోయిన సరస్సు దగ్గర ఫోన్‌లో తీసిన వీడియో. కానీ నన్ను పట్టేసింది జూన్ రాత్రిళ్లు. నిద్రపట్టక వీధుల్లో తిరుగుతూ, తెలియనివాళ్ల ఇళ్లలోకి వెళ్తుంది. కాసేపు వేరేవాళ్ల బతుకులో ఉండాలని! భర్త పనిలో మునిగిపోయాడు. ఒకే ఇంట్లో ఉన్నా ఎవరి దుఃఖం వాళ్లదే. దీన్ని ఇంత సూటిగా చూపించిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

రాత్రి అందరూ పడుకున్నాక, ఫోన్ పక్కన పెట్టి చూడండి. అయిపోయిందని పేర్లు పడేటప్పుడు మాత్రం ఆపేయకండి. ముందు చూసిన ఫోటోలే మళ్లీ వస్తాయి. ఈసారి మూలల్లో చూడండి.