పింగ్ వస్తే వైఫై ఉన్నట్టేనా?

వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె, అంటే యాక్సెస్ పాయింట్ (ఏపీ), పింగ్‌కి (‘ఉన్నావా’ అని నెట్‌వర్క్‌లో పంపే చిన్న పలకరింపుకి) బదులిస్తోంది కదా అని నిశ్చింతగా ఉండకండి. పింగ్ చెప్పేది కేబుల్ వైపు సంగతే, రేడియో ఆగిపోయినా అది చక్కగా వస్తూనే ఉంటుంది. అందుకే నేను ఒక్కో ఏపీకి ఎన్ని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కనెక్ట్ అయ్యాయో కూడా ఎస్‌ఎన్‌ఎంపీతో (నెట్‌వర్క్ పరికరాలను వాటి వివరాలు అడిగే పద్ధతి) చూస్తాను. జనం నిండిన హాల్లో ఆ సంఖ్య సున్నా చూపిస్తే వెంటనే వెళ్లి చూడాల్సిందే.

వేరే నెట్‌వర్క్‌లో, నాట్ (లోపలి పరికరాల చిరునామాలను బయటికి కనిపించకుండా మార్చే ఏర్పాటు) వెనకున్న ఏపీని బయటి నుంచి మామూలుగా పలకరించలేం, ఆ ఏపీయే తన కంట్రోలర్‌కి (ఏపీలన్నిటినీ నడిపించే పరికరానికి) కబురు పంపాలి. క్యాప్‌వాప్‌లో (ఏపీ, కంట్రోలర్ మాట్లాడుకునే ఒక పద్ధతిలో) ఆ కబురు కంట్రోలర్‌లోని యూడీపీ 5246 పోర్టుకి వెళ్తుంది, ఫైర్‌వాల్ దాన్ని ఆపేస్తే బతికున్న ఏపీ కూడా ఆఫ్‌లైన్ అనే కనిపిస్తుంది.

ఇక పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే ఏపీలకి కరెంటు కూడా ఇచ్చే పరికరం) ఒకటి ఆగిపోతే దాని కింద ఉన్న ఏపీలన్నిటికీ అలర్ట్‌లు ఒకేసారి వచ్చిపడతాయి, కాబట్టి ఏది ఏ స్విచ్ కింద ఉందో ముందే నమోదు చేసి స్విచ్‌కి ఒక్క అలర్టే వచ్చేలా పెట్టండి, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ వద్దు.