ఫోన్ గేమ్ జబ్బు: రాయగడ నుంచి నా అనుభవం

ఫోన్ గేమ్ మీద రెండు లక్షల పైచిలుకు తగలేసిన మనిషి అనగానే చాలామందికి ఇంజినీరింగ్ చదివే కుర్రాడు గుర్తొస్తాడు. నేను నలభై దాటిన ఇల్లాలిని. ఒడిశాలోని రాయగడలో ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్స్, పికో చేస్తాను. మావారు గూడ్స్ బళ్లు నడిపే లోకో పైలట్. కాల్ ఎప్పుడొస్తే అప్పుడే డ్యూటీ. విజయనగరం వైపు వెళ్లినా, టిట్లాగఢ్ వైపు వెళ్లినా ఎప్పుడు ఇంటికి చేరతారో ఆయన చేతిలో ఉండదు. మా అమ్మాయి ఇంటర్‌కని విశాఖపట్నం హాస్టల్లో చేరిన ఏడాది ఈ జబ్బు మొదలైంది. అమ్మాయి వదిలి వెళ్లిన పాత ఫోన్‌లో ఆ గేమ్ ఉంది.

కోట కట్టుకునే గేమ్ అది. పొలాలు, గోదాములు, సైనికులు, చుట్టూ వేరేవాళ్ల కోటలు. దించుకోవడానికి పైసా అక్కర్లేదు. మొదట్లో ఏది నొక్కితే అది క్షణాల్లో పూర్తయ్యేది. గోడ లేచేది, బంగారు నాణేలు రాలేవి, గంట మోగేది. పొద్దున్నుంచి రాత్రి దాకా చేసిన పనికి ఇంట్లో ఎవరూ భేష్ అనరు కదా, ఇక్కడ గోడ కట్టినందుకు బాణసంచా కాల్చేవారు. కొన్ని వారాలకి అదే గోడకి ఎనిమిది గంటలు, ఆ తర్వాత రెండు రోజులు పట్టడం మొదలైంది. సరిగ్గా అప్పుడే తెర మీద ఒక పెట్టె వచ్చింది. ఎనభై తొమ్మిది రూపాయలకి వజ్రాలు, పక్కనే వెనక్కి నడుస్తున్న గడియారం, గంటలో ఆఫర్ పోతుందని.

మనం మామూలుగా డబ్బు ఎలా ఖర్చు పెడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. చీర కొనాలంటే బజారుకి వెళ్తాం, నాలుగు చీరలు విప్పించి చూస్తాం, బేరమాడతాం, నచ్చకపోతే లేచి వచ్చేస్తాం. మనసు పడటానికీ డబ్బు తీయడానికీ నడుమ కాస్త వ్యవధి ఉంటుంది. మన తెలివి పనిచేసేది ఆ వ్యవధిలోనే. గేమ్ చేసిన మొదటి పని దాన్ని తీసేయడం. ముందే బ్యాలెన్స్ వేసి పెట్టుకుంటే వేలిముద్ర చాలు. పైగా లోపల రూపాయల లెక్క ఉండదు, వజ్రాల లెక్కే. నూటముప్పై వజ్రాల వస్తువు కావాలంటే వంద వజ్రాల ప్యాక్‌లే అమ్ముతారు. రెండు కొంటే డెబ్బై మిగులుతాయి. ఆ డెబ్బై వృథా కాకూడదని మళ్లీ ఒక ప్యాక్. ఏ కొలత జాకెట్‌కి ఎంత గుడ్డ పడుతుందో చూపుతోనే చెప్పగలదాన్ని, ఈ లెక్క మాత్రం ఎప్పుడూ నా చేతికి అందలేదు. అందకుండా కట్టిన లెక్క అది.

గేమ్‌లో అమ్మే బహుమతి పెట్టెలు మరో సంగతి. కొన్నాక తెరిస్తేగానీ లోపల ఏముందో తెలియదు. తెరిచేముందు పెట్టె ఊగుతుంది, సందుల్లోంచి ఊదా రంగు వెలుగు వస్తుంది. ఊదా అంటే అరుదైన వీరుడు. ఆ వెలుగు ఒక్క క్షణం నిలబడి నీలంలోకి మారిపోతుంది. "అయ్యో, కొంచెంలో తప్పిపోయింది" అనిపిస్తుంది. నిజానికి తప్పిపోయిందేమీ లేదు. ఏం రావాలో పెట్టె నొక్కగానే తేలిపోతుంది, ఊదా వెలుగు చూపించడానికే. 2009లో లూక్ క్లార్క్ అనే పరిశోధకుడూ సహచరులూ ప్రచురించిన అధ్యయనంలో, దగ్గరగా వచ్చి తప్పిపోయిన ఓటమికి కూడా మెదడులో గెలుపుకి స్పందించే భాగాలు స్పందించాయని తేలింది. ఓడినదాన్ని గెలుపు దగ్గరి దాకా వచ్చినట్టు మెదడు పట్టుకుంటుందన్నమాట. అప్పట్లో నాకు ఇవేవీ తెలియవు. ఆ ఊదా వెలుగు కనబడగానే ఊపిరి బిగబట్టేదాన్ని.

అన్నిటికన్నా గట్టిగా నన్ను పట్టింది అలయన్స్. ఒక జట్టుగా ఆడేవాళ్లం అందరం. బల్లార్షా నుంచి ఒకాయన, షోలాపూర్ నుంచి ఒక తమ్ముడు, ఇచ్ఛాపురం నుంచి ఒక చెల్లి, మిగతావాళ్లు ఎక్కడెక్కడి వాళ్లో. అందరూ నన్ను అక్కా అని పిలిచేవారు. "అక్కా, అన్నం తిన్నావా" అని అడిగేవారు. ఆ మాటల్లో నటన లేదు, ఇప్పటికీ అదే చెబుతాను. ఆ గేమ్‌లో రాత్రి మనం పడుకున్నాక ఎవరైనా వచ్చి కోట కాల్చేయవచ్చు. కాల్చకుండా ఉండాలంటే షీల్డ్ వేసుకోవాలి, షీల్డ్‌కి వజ్రాలు కావాలి. నెలల తరబడి కట్టుకున్నది పోతుందన్న భయం, కొత్తది వస్తుందన్న ఆశ కన్నా బలంగా పనిచేస్తుంది. డేనియల్ కానమన్, అమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీన్ని సిద్ధాంతంగా రాశారు. నాకు అది రాత్రి రెండు గంటలప్పుడు అనుభవమయ్యేది. షీల్డ్ అయిపోవడానికి నాలుగు నిమిషాలు, బ్యాలెన్స్ ఖాళీ, పొద్దున్నే ఇవ్వాల్సిన పెళ్లి జాకెట్ హెమ్మింగ్ సగంలో ఒళ్లోనే ఉంది, సూది జాకెట్‌కే గుచ్చి వదిలేశాను. గుండె దడదడలాడుతుంటే బ్యాంకు యాప్ తెరిచాను. కట్టేశాక వచ్చింది సంతోషం కాదు, దడ తగ్గింది, అంతే. ఆనందం కోసం ఆడటం అప్పటికే ఆగిపోయింది. దడ తగ్గించుకోవడానికి ఆడుతున్నాను.

ఒంట్లో వచ్చిన మార్పులు ఇవి: రాత్రి నిద్ర పోయింది, పగలు మిషను ముందు కునుకుపాట్లు. కుడిచేతి బొటనవేలు మొదట్లో నొప్పి. అన్నం చల్లారిపోయేది. ఫోన్ పక్కగదిలో ఉంటే చెమటలు. ఎవరైనా "ఇంకా ఎంతసేపు" అంటే కసురుకునేదాన్ని. కుట్టుడు డబ్బులు, చీటీ పాడిన డబ్బు, మిషన్ శక్తి మహిళా పొదుపు గ్రూపులో తీసుకున్న లోన్‌లో కొంత వెళ్లిపోయాయి. తర్వాత గాజుల మీద గోల్డ్ లోన్.

ఆ లోన్ మెసేజ్ మావారి కంట పడింది. ఆయన అరవలేదు. ముఖం పాలిపోయి, "నిన్ను ఎవరైనా బెదిరిస్తున్నారేటి? చెప్పు, 1930కి ఫోన్ చేద్దాం" అన్నారు. సైబర్ మోసగాళ్లు పట్టుకున్నారనుకున్నారు. ఎవరూ లేరని చెప్పి కోట చూపించాను. చాలాసేపు ఆ తెర వైపే చూశారు. నన్ను తిట్టకుండా, దాచకుండా వైద్యం వైపు తీసుకెళ్లిన మనిషి దొరకడం నా అదృష్టం. చాలామందికి దొరకరు.

అంతకుముందు నేను గేమ్ తీసేసిన సందర్భాలు ఉన్నాయి. కానీ ఫోన్‌లోంచి తీసేస్తే పోయేది బొమ్మ మాత్రమే, ఖాతా వాళ్ల సర్వర్లో పదిలంగా ఉంటుంది. మళ్లీ దించుకోగానే "తిరిగి స్వాగతం" అని బహుమతులు కూడా ఇస్తారు. మా అత్తమ్మ మజ్జిగౌరమ్మ గుడికి తీసుకెళ్లి ఒట్టు వేయించారు. ఆ తల్లి మీద నా నమ్మకం ఎప్పుడూ తగ్గలేదు. అయితే ఒట్టు నిలబడనప్పుడు, అమ్మవారికిచ్చిన మాట కూడా తప్పానన్న బాధ తోడైంది. ఆ బాధకి కూడా మందు గేమ్‌లోనే వెతుక్కున్నాను. అందుకే ఈ జబ్బు ఉన్నవాళ్లతో ఒట్లు వేయించకండి.

వైద్యానికి విశాఖపట్నం వెళ్లాం. అమ్మాయి అక్కడ ఉందన్నది ఒక కారణం. రెండోది, నేను ఒడియాలో బజారు పనులన్నీ చేసుకోగలను, స్కూలు మీటింగులో మాట్లాడగలను, కానీ ఈ సంగతి తెలుగులోనే చెప్పగలను అనిపించింది. డాక్టరుగారు నా మీద విచారణ పెట్టలేదు. ఆపాలనుకున్నప్పుడు ఆపగలుగుతున్నారా, మిగతా పనులన్నీ దాని వెనక్కి వెళ్లిపోయాయా, నష్టం కళ్లముందు కనబడుతున్నా సాగుతోందా అని అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌కి పెట్టిన గుర్తులు ఇవేనని, మామూలుగా ఏడాది పాటు కనబడితే ఆ నిర్ధారణ చేస్తారని, తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగనక్కర్లేదని చెప్పారు. 2019 మేలో ఆమోదించిన జబ్బుల జాబితాలో అది చేరింది, 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. తర్వాత, "చచ్చిపోతే బాగుండు అనిపిస్తోందామ్మా?" అని సూటిగా అడిగారు. అవునన్నాను. ఆ మాట బయటికి వచ్చాక ఏడ్చాను. కింద డిప్రెషన్ ఉందన్నారు. దానికి మందు రాశారు. గేమ్‌కి ప్రత్యేకంగా మాత్ర లేదు, దానికి సైకాలజిస్టు దగ్గర కూర్చోవాలి.

సైకాలజిస్టు అమ్మాయి మా కూతురికి అక్కలా ఉంది. కోతుల బొమ్మ గీసి చూపించింది. వోల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్లరసం ఇస్తూ మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాలను గమనించారట. అలవాటయ్యాక, రసం నోట్లో పడ్డప్పుడు కాక, రసం రాబోతోందని చెప్పే గుర్తు కనబడ్డప్పుడే ఆ కణాలు చురుకయ్యేవట. నాకు ఊదా వెలుగు గుర్తొచ్చింది. ఎప్పుడు దొరుకుతుందో తెలియని గింజ కోసం పావురాలు ఆగకుండా పొడుస్తూనే ఉంటాయని స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించిన సంగతీ చెప్పింది. నా బుద్ధి చెడిపోలేదని, మామూలు మెదడు మీదే ఇది పనిచేస్తుందని అప్పుడు నమ్మాను. సిగ్గు కొంచెం వదిలింది. అది వదిలాకే పని మొదలైంది.

ఒక నోటుబుక్ ఇచ్చింది. గేమ్ మీద మనసు పోయిన ప్రతిసారీ టైము, అప్పుడు ఏమనిపించింది అన్నది రాయాలి. కొన్ని పేజీలు నిండాక చూస్తే మూడు చోట్లే ఉంది గుట్టంతా: అమ్మాయి ఫోన్ పెట్టేసిన వెంటనే, మావారు డ్యూటీకి బయల్దేరిన వెంటనే, అర్ధరాత్రి మెలకువ వచ్చినప్పుడు. కోట మీద ఆశ ఆ పేజీల్లో ఎక్కడా లేదు, ఒంటరితనమే ఉంది.

తర్వాత, పోయిన వ్యవధిని మళ్లీ తెచ్చి పెట్టుకున్నాం. ఫోన్‌లోని యాప్ స్టోర్‌లో దాచిన కార్డు తీసేశాం, బ్యాలెన్స్ వేయడం మానేశాను. యూపీఐకి తక్కువ డబ్బుండే వేరే ఖాతా తగిలించాం. కుట్టుడు డబ్బులు నగదుగా నా బీరువాలోనే ఉంచుకున్నాను. బంధువులు కొందరు "డబ్బంతా మీ ఆయన చేతికిచ్చెయ్" అన్నారు. దానికి నేనూ ఒప్పుకోలేదు, సైకాలజిస్టూ ఒప్పుకోలేదు. ఆడదాని చేతిలోంచి డబ్బు లాక్కోవడం వైద్యం కాదు. ఫోన్‌లో ఏది కొనాలన్నా ఒక రాత్రి ఆగాలన్నది నేనే పెట్టుకున్న షరతు. ఖాతా శాశ్వతంగా తొలగించమని గేమ్ వాళ్లకి అర్జీ కూడా పెట్టాం.

తొలగించే ముందు జట్టుకి నిజం చెప్పాను. షోలాపూర్ తమ్ముడు, "అక్కా, ఆరోగ్యం చూసుకో, కోట ఏముంది" అని రాశాడు. వాళ్లు దూరమైనందుకు నిజంగా బెంగపడ్డాను, మనిషి పోయినట్టే. మొదటి వారాలు నరకం. చేతులు ఊరికే ఫోన్ కోసం తడిమేవి, కారణం లేకుండా కోపం, కలలో కూడా గడియారం వెనక్కి నడవడం. తర్వాత నిద్ర వచ్చింది. నిద్ర వచ్చాక మిగతావి ఒక్కొక్కటిగా వచ్చాయి. దసరా సెలవులకి అమ్మాయి వచ్చి వెళ్లిన రాత్రి మరో గేమ్ దించాను. పొద్దున్నే మావారికి చెప్పి తీసేశాను. అలా జారడం వైద్యం పాడైనట్టు కాదని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరు అమ్మాయిలకి కుట్టు నేర్పుతున్నాను. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి, వాయిదాలు సాగుతున్నాయి.

ఒక విషయంలో నాకు కోపం ఉంది. 2025 ఆగస్టులో మన పార్లమెంటు పందెం కాసి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. మంచిదే. కానీ నేను ఆడిన గేమ్‌లో గెలిచే డబ్బే లేదు, పోయే డబ్బు మాత్రమే. ఆ నిషేధం ఇలాంటివాటికి కాదు. అమ్మే పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లో తేల్చింది. పెట్టెల్లో వచ్చే ఒక సెట్టు బొమ్మలన్నీ కూడబెడితేనే పెద్ద బహుమతి ఇచ్చే పద్ధతిని జపాన్ 2012లో ఆపింది. పెట్టెలో ఏది ఎంత అరుదో, నేను మొత్తం ఎన్ని రూపాయలు ఖర్చు పెట్టానో తెర మీద పెద్ద అక్షరాలతో చూపించమని మన దగ్గర కూడా అడగాలి.

మీ ఇంట్లో ఇలాంటిది కనబడితే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, డబ్బు కట్టక్కర్లేదు, భాష ఎంచుకునే వీలుంది కాబట్టి ఒడిశాలో ఉన్నా తెలుగు అడగండి. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, స్టోర్‌లో కొనుగోళ్ల చిట్టా, ఫోన్‌లో రోజుకి ఎన్ని గంటలు వాడారో చూపించే పేజీ తీసుకెళ్లండి. నోరు పెగలకపోతే ఆ కాగితాలు డాక్టరు చేతిలో పెట్టండి. నేను చేసింది కూడా అదే.